పట్టా లేని ఒడ్డు
గంజాం కథలు – 9వ భాగం

గత భాగంలో బరంపురం నేత వీధుల గురించి చెప్పుకున్నాం. తెలుగు నేల నుంచి వచ్చిన దేవాంగ నేతకారులను మహురి రాజులు పిలిపించి, భూమి ఇచ్చి నిలబెట్టారని ఆ కులంవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి జాతర వస్తే అమ్మవారు వాళ్ళ కులపెద్ద దేశీబెహెరా ఇంటికి ఆడపడుచులా వస్తుంది. ఆ రోజుల్లో ఊరు ఊరంతా ఆ వీధికి కదులుతుంది. వలస వచ్చినవాళ్ళ గడపను తమ దేవత పుట్టిల్లుగా ఒప్పుకోవడం కన్నా ఒక ఊరు వాళ్ళకు చేయగల గౌరవం ఏముంటుంది?

బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు తూర్పుకు వెళితే గోపాల్‌పూర్ సముద్రం. అక్కడా తెలుగు వినిపిస్తుంది. తెల్లవారకముందే తెప్పలు నీళ్ళలోకి తోసే మగవాళ్ళు, ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్ళు, వలలు బాగుచేసుకునే ముసలివాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. వీళ్ళను ఒడియావాళ్ళు నోలియాలు అంటారు. వీళ్ళలో వాడబలిజలున్నారు, జాలారులున్నారు. వీళ్ళకు ఏ రాజూ వీధి కట్టించలేదు. తరాల తరబడి వీళ్ళ ఇళ్ళు నిలిచిన ఇసుక రెవెన్యూ పుస్తకాల్లో వీళ్ళ పేరు మీద లేదు. ఆ ఒక్క లోటు వల్ల రెండు వందల ఏళ్ళలో ఈ ఒడ్డుకు ఏమేమి జరిగిందో ఈ భాగంలో చూద్దాం.

కెరటం దాటించిన చేతులు

గంజాం తీరం పొడవునా నోలియా పేటలు కనిపిస్తాయి. దక్షిణాన రామయపట్నం, సోనాపూర్, మార్కండి. నడుమ గోపాల్‌పూర్, బక్షిపల్లి, అర్జిపల్లి, గరంపేట. ఉత్తరాన రుషికుల్యా నది ముఖద్వారం దగ్గర పురుణబంధ, గోఖరకుద, పొడంపేట. ఈ పేర్లలో సగం తెలుగు, సగం ఒడియా. ఇక్కడి జీవితం కూడా అంతే.

ఈ తీరానికి సహజమైన రేవు లేదు. ఒడ్డుకు కొంచెం దూరంలోనే కెరటాలు వరసగా విరుగుతాయి. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఆగాల్సిందే. ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉన్న ఆ కొద్ది దూరమే అన్నిటికన్నా ప్రమాదం. దాన్ని దాటడానికి ఈ తీరం మసూలా పడవను కనిపెట్టింది. పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి కట్టే పడవ అది. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగి, సాగి, మళ్ళీ నిలదొక్కుకుంటుంది. దాన్ని కట్టడం, నడపడం, ఏ కెరటాన్ని వదిలి ఏ కెరటం మీద ఎక్కాలో చూపుతోనే తేల్చడం నోలియాల విద్య. ఆ విద్య లేకపోతే ఈ ఒడ్డున ఇంగ్లీషువాళ్ళ వ్యాపారం అడుగు కూడా కదిలేది కాదు.

ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ గంజాంలో మొదటి రెసిడెంటుగా కూర్చున్నాడు. రుషికుల్య ముఖద్వారం దగ్గరి గంజాం పట్టణమే అప్పుడు జిల్లాకు కేంద్రం. 1815లో అక్కడ విషజ్వరాలు విరుచుకుపడ్డాయి. దొరలూ నౌకర్లూ తేడా లేకుండా చనిపోయారు. ప్రభుత్వం కచేరీలను అక్కడి నుంచి ఎత్తేసింది. జిల్లా కేంద్రం కదిలి కదిలి చివరికి ఛత్రపురంలో కుదురుకుంది. అధికారుల ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఒక పట్టణాన్నే వదిలి మరోచోట కొత్తగా కట్టుకున్నారు. కొత్త చోట భూమి కొలిచారు, హద్దురాళ్ళు పాతారు, కాగితాలు రాశారు. ఊరు మారినా దొరల హక్కులు పోలేదు. ఇదే తీరంలో చేపలు పట్టేవాళ్ళ గుడిసెలను సముద్రం మింగినప్పుడు ఏం జరిగిందో కింద చూస్తాం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడానికే ఈ సంగతి ఇక్కడ చెప్పాను.

గంజాం పట్టణం వెనకబడ్డాక వ్యాపారం గోపాల్‌పూర్‌కు చేరింది. లోపలి పల్లెల నుంచి బియ్యం, నూనెగింజలు బళ్ళ మీద ఒడ్డుకు వచ్చేవి. అక్కడి నుంచి ఓడ దాకా వాటిని మోసింది నోలియాల పడవలు, నోలియాల భుజాలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తూర్పు కోస్తా రైలుమార్గం పడ్డాక సరుకు చాలావరకు రైలెక్కింది. అయినా ఓడలు ఆగలేదు. రంగూన్ వరి మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళే గంజాం జనం గోపాల్‌పూర్ నుంచే స్టీమరెక్కేవారు. ఒక మూట, ఒక చెంబు పట్టుకుని మసూలా పడవలో కూర్చుని, కెరటాల మీద ఎగిరెగిరి పడుతూ స్టీమరు నిచ్చెన అందుకునేవారు. తిరిగొచ్చేటప్పుడు కూడా వాళ్ళను నేల మీదికి చేర్చింది ఈ పడవవాళ్ళే.

కాగితం రాసినవాళ్ళు చూడనిది

రేవు నడిపిన ఈ మనుషుల ఇళ్ళు తాటాకు, వెదురు, రెల్లుతో కట్టుకున్నవి. సముద్రం ముందుకొస్తే నాలుగు అడుగులు వెనక్కి జరిగేవారు, వెనక్కి పోతే ముందుకు వచ్చేవారు. తుఫాను పాక ఎగరగొట్టుకుపోతే పదిహేను రోజుల్లో మళ్ళీ లేచేది. కదిలే ఒడ్డు మీద బతకడం తెలిసినవాళ్ళ కట్టడం అది. ఊరు అక్కడే ఉండేది, కులపెద్దలు వాళ్ళే, గంగమ్మ గుడి అదే, అలివి వల లాగే చోటూ అదే. గోడలు మాత్రమే జరిగేవి.

మద్రాసు ప్రభుత్వపు భూమి సర్వేకు ఈ తీరు పట్టలేదు. సర్వేకు కావలసింది కదలని హద్దు, సాగు చేసే పొలం, శిస్తు కట్టే రైతు. పొలం ఉన్నవాడికి పట్టా వచ్చింది. ఒడ్డున ఇసుక ఎవరూ దున్నరు, దాని మీద శిస్తూ రాదు. కాబట్టి అది పోరంబోకు. 1905లో మద్రాసు భూ ఆక్రమణల చట్టం వచ్చింది. ఎవరి ఆస్తీ కాని భూమి ప్రభుత్వానిదని, పోటు రేఖకు దిగువన ఉన్న సముద్రగర్భం కూడా ప్రభుత్వానిదేనని ఆ చట్టం చెప్పింది. అలాంటి భూమిని అనుమతి లేకుండా అనుభవిస్తే శిస్తు, జరిమానా వేయవచ్చు, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చు. గంజాం అప్పుడు మద్రాసులోనే ఉంది. ఆ కలం పోటుతో నోలియా పేటలు ఆక్రమణల లెక్కలోకి వెళ్ళాయి. చట్టం పుట్టేనాటికే అక్కడ ఊళ్ళు ఉన్నాయన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా లేదు.

అదే దశాబ్దాల్లో ఇంకో పని కూడా జరిగింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రంలో అమలైంది. ఎరుకలు, దొమ్మరులు మొదలైన సంచార కులాలను పట్టి సెటిల్‌మెంట్లలో పెట్టడం మొదలైంది. అప్పటి గుంటూరు జిల్లాలోని స్టువర్టుపురం ఆ రోజుల్లో పుట్టిందే. ఒడ్డు జనం కథ ఆ చట్టం కథ కాదు. కానీ చూపు ఒకటే. ఒకే చోట, ఒకే గోడల మధ్య, ఒకే నంబరు కింద ఉండనివాడికి ఇల్లు లేదని ఆ ప్రభుత్వం నమ్మింది. కదిలే జీవితానికి కూడా చోటు మీద హక్కు ఉంటుందన్న ఆలోచన దానికి రాలేదు.

సరిహద్దు జరిగింది, ఒడ్డు అక్కడే ఉంది

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చాయి. ఆ విభజన వెనకాల నడిచిన సభలు, వాదాలు, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పాత్ర ముందటి భాగాల్లో చూశాం. బరంపురంలో ఆ రోజుల్లో ప్రతి వీధిలో గణాంకాల గొడవే, ఎంతమంది తెలుగువాళ్ళు, ఎంతమంది ఒడియావాళ్ళు అని. ఒడ్డున ఉన్నవాళ్ళ సంగతి ఎత్తినప్పుడు కూడా వాళ్ళ భాష లెక్కేశారు తప్ప వాళ్ళ ఇంటిస్థలం సంగతి ఎవరూ ఎత్తలేదు. కచేరీ భాష మారింది. పోరంబోకు అన్న చోట ఒడియా మాట వచ్చింది. నేల పరిస్థితి మాత్రం అలాగే ఉంది. తర్వాత 1972లో ఒడిశా సొంతంగా భూ ఆక్రమణల నివారణ చట్టం చేసుకుంది.

ఆ నడుమ 1942లో జపాను సేనలు బర్మాలోకి దిగాయి. రంగూన్ ఓడలు ఆగిపోయాయి. గోపాల్‌పూర్ రేవు పడుకుంది. గోదాముల గోడలు, వంతెన స్తంభాలు ఉప్పుగాలికి కరిగిపోతూ నిలబడ్డాయి. మసూలా పడవల మీద బతికిన కుటుంబాలకు రేవు కూలి పోయింది, వేట ఒక్కటే మిగిలింది. ఒడ్డుతో వాళ్ళ బంధం ఇంకా బిగిసింది. వేటకు తెప్ప నిలపడానికి చోటు కావాలి, వల ఆరబెట్టడానికి చోటు కావాలి, చేప ఎండబెట్టడానికి చోటు కావాలి. ఇల్లు వీటికి ఆనుకుని ఉండాలి. సముద్రం రంగు, గాలి దిక్కు, చేపల గుంపు కదలిక గుమ్మంలో నిలబడి చూసుకునే పని అది. ఈ మాట గుర్తుంచుకోండి. ఇకముందు జరిగేదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఇసుకకు విలువ వచ్చిన రోజులు

రెవెన్యూ లెక్కల్లో పనికిరాదనుకున్న ఇసుకలోనే ఇల్మెనైట్, మోనజైట్ లాంటి ఖనిజాలు ఉన్నాయని తేలింది. ఛత్రపురం దగ్గర ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ 1980లలో ఇసుక తవ్వి ఖనిజాలు వేరుచేసే కర్మాగారం నడపడం మొదలుపెట్టింది. గోలబంధలో సైన్యపు వాయు రక్షణ కళాశాల ఉంది. 1987లో గోపాల్‌పూర్ రేవును వాతావరణం బాగున్న నెలల్లో నడిచే రేవుగా మళ్ళీ తెరిచారు. ఒక్కో అవసరానికీ ఒక్కో కంచె పడింది. ప్రతి కంచెకూ దేశ ప్రయోజనం అన్న కారణం ఉంది. ఆ ప్రయోజనాన్ని నేను కాదనను. కంచె వేసేముందు అక్కడ ఎవరున్నారని అడిగే చట్టం లేకపోవడమే నా అభ్యంతరం.

1995లో టాటా స్టీల్ సంస్థ గోపాల్‌పూర్ దగ్గర భారీ ఉక్కు కర్మాగారం కడతామని ఒడిశా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఛత్రపురం, గోపాల్‌పూర్ మధ్య పల్లెల్లో వేల ఎకరాల సేకరణకు ఏర్పాట్లు జరిగాయి. ఆ నేల బీడు కాదు. గట్ల మీద మొగలి పొదలు. గంజాం మొగలిపువ్వు అత్తరుకు దేశమంతా పేరు. పువ్వు కోసుకునే కాలంలో పేదింటికి కూడా రోజూ నాలుగు డబ్బులు వచ్చేవి. గణ సంగ్రామ సమితి పేరుతో జనం ఎదురుతిరిగారు. ఆడవాళ్ళు ముందు వరసలో నిలబడి ఊళ్ళలోకి అధికారులను రానివ్వలేదు. పోలీసు బలగాలు దిగాయి. ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలను పునరావాస కాలనీకి పంపారు. చివరికి అనుకున్న ఉక్కు కర్మాగారం రాలేదు. నేల మాత్రం సంస్థ దగ్గరే ఉంది. తర్వాతి కాలంలో అక్కడ ఫెర్రోక్రోమ్ కర్మాగారం, ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాయి.

ఆ రోజుల్లో భూసేకరణ 1894 నాటి చట్టం కింద జరిగేది. పరిహారం భూమి యజమానికి. కాగితం ఉన్నవాడికి డబ్బు తక్కువైందని కోర్టుకు వెళ్ళే దారైనా ఉండేది. పరాయి పొలంలో కూలి చేసినవాడు, మొగలి కోసుకున్న ఆవిడ, పోరంబోకులో పాక వేసుకున్నవాడు ఆ చట్టం దృష్టిలో ఏమీ పోగొట్టుకోనట్టే. ఈ అన్యాయాన్ని పార్లమెంటు ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం బాధిత కుటుంబం ఎవరన్నది విప్పి చెప్పింది. మూడేళ్ళుగా నీటివనరుల మీద ఆధారపడి బతికే కుటుంబాలను కూడా అందులో చేర్చి, మత్స్యకారులు, పడవలు నడిపేవారు అని పేరుపెట్టి రాసింది. పడవ నడిపే మనిషికి చోటు మీద ఏదో ఒక హక్కు ఉందని ఈ దేశపు భూసేకరణ చట్టం ఒప్పుకోవడానికి 1894 నుంచి నూట పంతొమ్మిదేళ్ళు పట్టింది.

తుఫాను తర్వాత ఎవరి ఇల్లు

1999 అక్టోబరులో పన్నెండు రోజుల తేడాతో రెండు తుఫాన్లు ఒడిశాను కొట్టాయి. మొదటిది 17న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటి గంజాంను ఊడ్చింది. 29న పారాదీప్ దగ్గర దాటిన మహా తుఫానులో అధికారిక లెక్క ప్రకారమే పది వేలకు దగ్గరగా జనం చనిపోయారు. ఆ దెబ్బ నుంచి ఒడిశా పాఠం నేర్చుకుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అంతకుముందే దాదాపు పది లక్షల మందిని ఇళ్ళ నుంచి ఆశ్రయాలకు చేర్చారు. ప్రాణనష్టం పదుల సంఖ్యలోనే ఆగింది. మన దేశంలో ప్రభుత్వ యంత్రాంగం చేసిన మంచి పనుల్లో ఇది ఒకటి. మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి.

ప్రాణాలు దక్కాక ఇళ్ళ ప్రశ్న వచ్చింది. తుఫానుకు తరలించడం వేరు, ఖాళీ చేయించడం వేరు. మొదటిది తిరిగి రావడానికి, రెండోది తిరిగి రాకుండా ఉండటానికి. స్థలం మీద కాగితం లేని కుటుంబానికి ఈ రెండింటి మధ్య గీత చాలా పలచన. ఇల్లు పడిపోయిన చోటే మళ్ళీ కట్టుకోవాలంటే ఆ చోటు నీదేనా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ప్రపంచ బ్యాంకు రుణంతో 2014లో మొదలైన విపత్తు పునరుద్ధరణ పథకం కింద గంజాంలో వేల పక్కా ఇళ్ళు లేచాయి. ఇంటివాళ్ళే దగ్గరుండి కట్టుకునే పద్ధతి పెట్టారు. డబ్బు విడతలవారీగా ఇచ్చారు. కాంక్రీటు కప్పు కింద మొదటి వానాకాలం గడిపిన కుటుంబాలకు దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

పొడంపేట కథ ఇక్కడే చెప్పాలి. రుషికుల్య ముఖద్వారం దగ్గరి ఈ నోలియా ఊరు సముద్రం కోతకు వీధి వీధే కూలిపోయింది. గోడలు సగానికి చీలి నిలబడ్డాయి. జనం లోపలికి, కొత్త పొడంపేటకు తరలారు. ఇప్పుడు వాళ్ళకు గట్టి ఇళ్ళున్నాయి. తెప్పలు, వలలు మాత్రం పాత ఊరి ఇసుక మీదే. వేటకు వెళ్ళాలంటే ఒడ్డు దాకా నడక, వచ్చిన చేప ఎండబెట్టాలంటే మళ్ళీ ఒడ్డుకే నడక. పైగా ఈ ముఖద్వారం ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. వాటి రక్షణ కోసం నవంబరు నుంచి మే చివరి దాకా ఈ సముద్రంలో వేట మీద ఆంక్షలుంటాయి. తాబేలు బతకాలి, అందులో సందేహం లేదు. ఏడు నెలల పాటు వేటకు హద్దులు పడే మనిషికి ఒడ్డు పక్కన ఉండే చిన్నాచితకా పనులే ఆధారం. ఇల్లు లోపలికి జరిగితే ఆ ఆధారం కూడా సన్నబడుతుంది.

ఒడ్డు ఎందుకు కోసుకుపోతోంది అన్నది ఇంకో ప్రశ్న. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతూ ఉంటాయి. దారిలో సముద్రంలోకి రాతి గట్టు కడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డుకు రావలసిన ఇసుక ఆగి కోత మొదలవుతుంది. 1987లో మళ్ళీ తెరిచిన గోపాల్‌పూర్ రేవు తర్వాత ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళి, అన్ని కాలాల్లో నడిచే రేవుగా పెరిగింది. 2024లో దాన్ని అదానీ సంస్థ కొనుగోలు చేసింది. రేవుకు ఉత్తరాన ఉన్న పేటల జనం తమ ఒడ్డు తరుగుదలకు రేవు గట్లే కారణమని ఎన్నో ఏళ్ళుగా అంటున్నారు. ఇలా కరిగే ఊరికి నోటీసు రాదు, బుల్డోజరు రాదు. ఇల్లు మాత్రం పోతుంది. పోయినదానికి జవాబుదారీ ఎవరో తేల్చాలంటే ముందు ఆ ఇల్లు అక్కడ ఉందని ఒక రికార్డు ఉండాలి.

డ్రోన్లు ఎగిరిన ఊరు

అలాంటి రికార్డు రాసే ప్రయత్నం మొదలైంది కూడా ఈ జిల్లాలోనే. 2017లో ఒడిశా ప్రభుత్వం పట్టణ మురికివాడల వాసులకు భూమి హక్కులిచ్చే చట్టం చేసింది. దాని అమలు కోసం పెట్టిన కార్యక్రమమే జగా మిషన్. టాటా ట్రస్ట్స్ సాయంతో మొదట పని మొదలైన చోట్లలో గోపాల్‌పూర్ ఒకటి. పైనుంచి డ్రోన్లు ప్రతి ఇంటి కప్పునూ ఫోటో తీశాయి. కింద స్థానిక యువకులు గడప గడపకూ వెళ్ళి ఇంట్లో ఎవరున్నారో, ఎంత స్థలంలో ఉన్నారో రాసుకున్నారు. పటాన్ని వాడలో అందరి ముందు పరిచి, ఇది నీ గోడేనా, ఆ పక్క గోడ ఎవరిది అని అడిగి సరిచేశారు. వాడ సంఘం ఒప్పుకున్నాక జాబితా పైకి వెళ్ళింది. 2018 మే 7న అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు మొదటి హక్కు పత్రాలు అందుకున్నది గంజాం, పూరీ జిల్లాల పట్టణాల పేదలే.

ఆ పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటుంది. పిల్లలకు సంక్రమిస్తుంది. బ్యాంకులో తాకట్టు పెట్టుకుని ఇంటి అప్పు తీసుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఈ చివరి నిబంధన నాకు సబబుగానే తోస్తుంది. ఒడ్డున స్థలానికి హోటళ్ళవాళ్ళు ఎంతయినా ఇస్తారు, ఒక పెళ్ళి ఖర్చు, ఒక ఆసుపత్రి బిల్లు చాలు అది చేతులు మారడానికి. మొదట చిన్న పట్టణాలకే పరిమితమైన ఈ చట్టాన్ని 2023లో సవరించి బరంపురం లాంటి నగరపాలక సంస్థలకు కూడా వర్తింపజేశారు. రాష్ట్రమంతటా 2,919 వాడలను ఈ కార్యక్రమం కిందికి తెచ్చారు. 2019లో దీనికి ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. మురికివాడ అనగానే ఊరి బయటికి నెట్టడమే పరిష్కారమని నమ్మే దేశంలో, ఉన్న చోటే హక్కు ఇచ్చి అక్కడికే నీళ్ళు, దారి, దీపం తేవచ్చని ఈ జిల్లా చూపించింది. ఆ పని తలపెట్టిన అధికారులకు, గడప గడపకూ తిరిగిన యువకులకు ఈ వ్యాసం ద్వారా నమస్కారం.

అయితే ఈ చట్టానికి పట్టణ హద్దు దగ్గర కాళ్ళు ఆగిపోతాయి. గోపాల్‌పూర్ పట్టణ పరిధిలోని నోలియాకు పత్రం వస్తుంది. అదే కులం, అదే వేట, అదే ఇసుక మీద బతికే పంచాయతీ గ్రామంలోని నోలియాకు ఈ చట్టం కింద ఏమీ లేదు. ఇంకొక వెలితి దీనికన్నా లోతైనది. పత్రం ఇంటి నాలుగు గోడలను కొలుస్తుంది. తెప్ప నిలిపే చోటు, వల ఆరేసే చోటు, అలివి లాగే చోటు ఎవరి పత్రంలోనూ ఉండవు. అవి అందరివీ కాబట్టి ఎవరివీ కానట్టు మిగిలాయి. రేపు అక్కడ ఒక విహారకేంద్రం కంచె వేసినా ఎవరి ఇల్లూ కూలినట్టు కాదు. కానీ ఊరు కూలుతుంది.

దీనికి మార్గం మన చట్టాల్లో కనిపించకపోలేదు. 2011 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ తీర పటాల్లో మత్స్యకార గ్రామాలను, వాళ్ళ ఉమ్మడి ఆస్తులను, చేపలు ఎండబెట్టే చోట్లను గుర్తించాలని చెప్పింది. ప్రమాద రేఖకు సముద్రం వైపున మత్స్యకారుల ఇళ్ళున్నా వాటిని అక్కడి నుంచి తరలించకూడదని, రక్షణ ఏర్పాట్లు రాష్ట్ర ప్రభుత్వమే చేయాలని కూడా రాసింది. 2019లో దాని స్థానంలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. పటంలో గుర్తించడం మొదటి మెట్టు. గుర్తించిన ఒడ్డును గ్రామం పేరు మీద రాయడం రెండోది. ఆ రెండో మెట్టు మనం ఇంకా ఎక్కలేదు.

సోఫియాలోనూ ఇదే ప్రశ్న

ఈ ప్రశ్న గంజాంకే చెందింది కాదు. వెయ్యేళ్ళ కిందట మన ఉపఖండం నుంచి పడమటికి కదిలిన రోమా జనం ఐరోపాలో ఇప్పటికీ దీనితోనే పోరాడుతున్నారు. బల్గేరియా రాజధాని సోఫియాలో బతలోవా వొదెనిత్సా అనే చోట రోమా కుటుంబాలు దశాబ్దాలుగా పురపాలక భూమిలో ఇళ్ళు కట్టుకుని ఉన్నాయి. 2005లో ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. వాళ్ళు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళారు. 2012 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కట్టడం చట్టవిరుద్ధమే కావచ్చు, కానీ ఇన్నేళ్ళు ప్రభుత్వం చూస్తూ ఊరుకున్న చోట ఒక సమాజం వేళ్ళూనుకున్నాక, వాళ్ళు ఎక్కడికి వెళతారన్నది ఆలోచించకుండా గెంటేయడం ఇంటి మీద హక్కును కాలరాయడమేనని ఆ తీర్పు సారం. రుమేనియాలోని క్లుజ్ నగరంలో 2010 డిసెంబరు 17న, గడ్డకట్టే చలిలో, కొస్తేయి వీధి రోమా కుటుంబాలను ఊరి చెత్తకుప్పల పక్కకు తరలించారు. బడికీ, పనికీ నడిచి వెళ్ళే దూరంలో ఉన్నవాళ్ళు ఒక్క రోజులో నగరానికి దూరమైపోయారు. వాళ్ళు పోగొట్టుకున్నది గోడల కన్నా ఎక్కువ. కొత్త పొడంపేట నుంచి ఒడ్డుకు నడిచేవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

మన సుప్రీంకోర్టు 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కేసులో, ఓల్గా టెల్లిస్ తీర్పుగా పేరుపడిన దానిలో, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని చెప్పింది. ఉండే చోటు పోతే పనీ పోతుందని ఆ న్యాయమూర్తులు గుర్తించారు. 1997లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక హక్కుల సంఘం బలవంతపు తొలగింపుల మీద వ్యాఖ్యానం రాస్తూ, ముందుగా సంప్రదించాలి, గడువివ్వాలి, ఎవరినీ నిరాశ్రయులుగా మిగల్చకూడదు అని నియమాలు పెట్టింది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ల కూల్చివేతల మీద కఠినంగా మాట్లాడి పదిహేను రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నదుల్లో, నీటివనరుల్లో ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పు మినహాయింపు ఇచ్చింది. దేశంలో పేదలు ఎక్కువగా తలదాచుకునేది సరిగ్గా అలాంటి చోట్లే. రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళు మినహాయింపులో పడ్డారు. కోర్టులు తొలగింపు ఎలా చేయాలో చెప్పగలవు. తొలగింపు అవసరమే రాకుండా ముందుగా హక్కు రాయగలిగేది శాసనసభ, కలెక్టరు కచేరీ.

రాయవలసిన హక్కు

రెండు శతాబ్దాల ఈ కథలో నోలియాలను ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో జరిపారు. ఆక్రమణ అన్నారు, ప్రాజెక్టు అన్నారు, పునరావాసం అన్నారు, రక్షణ అన్నారు. కొన్నిసార్లు ఉద్దేశం మంచిదే. అయినా ప్రతిసారీ జరపడం సులువైంది, అక్కడ ఊరుందని రాసిన కాగితం లేదు కాబట్టి. జగా మిషన్ ఆ కాగితం రాయవచ్చని నిరూపించింది. ఇప్పుడు చేయవలసినవి మూడు పనులు. పట్టణ పేదకు ఇచ్చిన ఇంటి హక్కును తీర పంచాయతీల్లోని ప్రతి మత్స్యకార కుటుంబానికీ ఇవ్వాలి. తెప్పల చోటు, వలల చోటు, ఎండుచేపల చోటు గ్రామ ఉమ్మడి ఆస్తిగా రికార్డులో ఎక్కించాలి. సముద్రం ఒడ్డును కోసేసి ఊరు జరగవలసి వస్తే ఆ హక్కు ఊరితోపాటే జరగాలి, 1815 తర్వాత కచేరీలతో పాటు దొరల హక్కులు జరిగినట్టు. ఈ మూడూ సాధ్యమే. డ్రోను ఉంది, పటం ఉంది, చట్టం రాసిన చెయ్యీ ఇక్కడే ఉంది. ఒక్కో తుఫాను కాలం గడిచేకొద్దీ రాయవలసిన ఊళ్ళే తగ్గిపోతున్నాయి. అందుకే ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయదగ్గది కాదు.

వచ్చే భాగంలో గోపాల్‌పూర్ నుంచి రంగూన్ వెళ్ళిన గంజాం కూలీల వెంట నడుద్దాం. 1942లో కాలినడకన తిరిగొచ్చినప్పుడు వాళ్ళకు ఏ ఊరు చోటిచ్చిందో చూద్దాం.

(సశేషం)